ఎమ్డెన్ 1:100: కొయ్య కోయకముందు ప్లాను తూకం (బరంపురం బల్ల డైరీ)

వైశాఖం

బల్ల మీద మూడు ప్లానులున్నాయి, మూడింటి మీదా ఒకే పేరు: ఎస్.ఎం.ఎస్. ఎమ్డెన్. 1914 సెప్టెంబరులో బంగాళాఖాతంలో వర్తక ఓడలను వరసగా పట్టుకుని, 22 రాత్రి మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించిన జర్మన్ లైట్ క్రూయిజర్ (తేలికపాటి, వేగమైన యుద్ధనౌక). గోపాలపురం ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించేది ఆ నీళ్లే. 1:100లో, తొట్టెలో తేలే మోడల్ చెయ్యాలన్నది పని. ఏ షీటులో ఏ గీతను నమ్మి కొయ్య కోయాలో తేలేదాకా రంపం పట్టకూడదన్నది షరతు.

మాటిమాటికీ పూర్తి వివరం రాయకుండా షీట్లకు పేర్లు పెట్టాం. పాత బ్లూప్రింటు నకలు 1:100 షీటు "నీలం". పత్రికలో 1:400లో అచ్చయినదాన్ని నాలుగు రెట్లు పెంచిన జిరాక్సు "పత్రిక". అడుగు, అంగుళాల్లో గీసిన కంప్యూటరు ఫైలు "ఫైలు".

ముందు తేల్చాల్సింది ఓడ ఎవరన్నది. ఎమ్డెన్ పేరుతో జర్మన్ క్రూయిజర్లు ఒకటి కాదు. మనది డాంజిగ్‌లో 1908 మే 26న నీళ్లలోకి దిగింది. రెండోది 1916లో, మూడోది 1925లో దిగాయి. ఆ రెండూ 150 మీటర్ల పైచిలుకు పొడవున్నవి, 15 సెంటీమీటర్ల ఫిరంగులు మోసినవి. మనదానికి 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది. కాబట్టి ఫిరంగులు లెక్కపెడితే పేరు గొడవ నిమిషంలో తీరుతుంది.

తోబుట్టువు గొడవ అంత తేలిక కాదు. ఇదే తరగతిలో డ్రెస్డెన్ ఉంది. పొడవు, వెడల్పు, పొగగొట్టాలు మూడు, ఫిరంగుల అమరిక అన్నీ ఒకటే. తేడా లోపలి ఇంజన్లో, అందువల్ల నీటి కింద. డ్రెస్డెన్‌ది టర్బైన్, నాలుగు ప్రొపెల్లర్లు. ఎమ్డెన్‌ది పాతకాలపు పిస్టన్ ఇంజన్, రెండే ప్రొపెల్లర్లు. పత్రిక షీటులో అమరం (ఓడ వెనక కొస) కింద ప్రొపెల్లర్లను తిప్పే షాఫ్టులు నాలుగు గీసి ఉన్నాయి. అంటే గీసినాయన డ్రెస్డెన్ షీటు తెచ్చి పేరు మార్చాడు. ఆ షీటులో అమరం నీటి కింది భాగం మొత్తం ఎర్ర పెన్సిలుతో కొట్టేశాం. షాఫ్టు మారితే దాన్ని పట్టుకునే బ్రాకెట్లు, చుట్టూ పొట్టు (ఓడ ఒళ్లు) వంపు కూడా మారి ఉండొచ్చు. రెండు షాఫ్టులు చెరిపేసి తక్కినది ఎమ్డెన్ అనుకోవడం కుదరదు.

నాలుగు పొగగొట్టాల ఎమ్డెన్ బొమ్మ కూడా తిరుగుతూ ఉంటుంది. మలయాలోని పెనాంగ్ రేవు మీద 1914 అక్టోబరు 28న దాడి చేసేటప్పుడు బ్రిటిష్ క్రూయిజర్ యార్మత్‌లా కనిపించాలని దొంగ పొగగొట్టం ఒకటి నిలబెట్టారు. అది మారువేషమే, ఓడలో భాగం కాదు. కొలతల్లోకి రానివ్వకూడదు.

తర్వాత అంకెలు. ఈ ఐదూ బల్ల పక్క గోడకు అతికించి ఉన్నాయి:

మొత్తం పొడవు 118.3 మీటర్లు, మోడల్‌లో 1183 మి.మీ.
నీటిగీత పొడవు 117.9 మీటర్లు, 1179 మి.మీ.
వెడల్పు 13.5 మీటర్లు, 135 మి.మీ.
ముందు వైపు నీట మునిగే లోతు 5.53 మీటర్లు, 55.3 మి.మీ.
బరువు, డిజైన్ ప్రకారం 3,664 టన్నులు, నిండుగా 4,268 టన్నులు.

పొడవులు రెండూ నాలుగు మి.మీ. తేడాలో ఉండటం ఇక్కడ అదృష్టం. అన్ని ఓడలకూ అలా ఉండదు. పెద్ద యుద్ధనౌకల్లో మొత్తం పొడవుకీ, లంబాల మధ్య పొడవుకీ (నీటిగీత దగ్గర ముక్కు నుంచి చుక్కాని నిలువు కమ్మీ దాకా కొలిచేది) పది పదిహేను మీటర్ల తేడా వస్తుంది. బ్రిటిష్ యుద్ధనౌక హుడ్‌కి మొత్తం పొడవు 860 అడుగుల 7 అంగుళాలు, లంబాల మధ్య దాదాపు 810 అడుగులు. ఏ పొడవో చెప్పకుండా అంకె ఒక్కటే వేసిన షీటు దొరికితే, ఆ అంకెను మూడు రకాలుగానూ పెట్టి చూసి, వెడల్పుతో నిష్పత్తి ఎక్కడ కుదురుతుందో అదే తీసుకోవాలి.

ఫైలును ప్లాట్ చేయించి కొలిస్తే 1232 మి.మీ. వచ్చింది. మొదటి చూపుకి ఓడ ఐదు మీటర్లు పొడుగైనట్టు కనిపిస్తుంది. కాదు. 118.3ని 96తో భాగిస్తే సరిగ్గా ఆ అంకే వస్తుంది. అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున గీసిన 1:96 షీటు అది. 1:96కీ 1:100కీ నాలుగు శాతం పైగా తేడా. వెడల్పు కూడా 140.6 ఉంటే స్కేలు వేరని అర్థం. వెడల్పు 135 దగ్గరే ఉండి పొడవు ఒక్కటే పెరిగితే కాగితం సాగిందని అర్థం. ఈ రెండు ప్రశ్నలూ కలిపేస్తే ఎక్కడికీ తేలం.

జ్యేష్ఠం

కాగితం సంగతి. షీటులో వేసిన స్కేలు గీతను నమ్మకూడదు, ఎందుకంటే నకలు సాగితే అదీ దానితోపాటే సాగుతుంది. దాని వల్ల తెలిసేది ఒకటే, ఆ దిశలో ఎంత సాగిందో. అడ్డం వైపు సాగుదల దానికి తెలీదు. అందుకని నకలు తీసే ముందు అసలు షీటు మీద పొడుగునా ఒకటి, అడ్డంగా ఒకటి, 300 మి.మీ. గీతలు రెండు స్టీలు బద్దతో పెన్సిలు గీసి పెట్టాలి. నకలు వచ్చాక రెండూ కొలవాలి. పత్రిక జిరాక్సులో పొడుగు గీత 303.5, అడ్డు గీత 300.5 వచ్చాయి. కాగితం లాక్కునే రోలర్ల దిశలోనే సాగింది. పొడవులో ఒక శాతం అంటే 1183లో దాదాపు 12 మి.మీ. అంటే ఓడలో మీటరు పైన. వెడల్పులో మాత్రం లెక్కలోకి రానంత.

ప్లాటింగ్ షాపులో ఫైలు ఇచ్చినప్పుడు కాగితానికి సరిపెట్టి వెయ్యమంటారా అని అడుగుతారు, కొందరు అడక్కుండానే వేసేస్తారు. వద్దు, నూటికి నూరు శాతం కొలతకే కావాలని ముందే చెప్పాలి. ఫైలులో ఒక మూల 100 మి.మీ. చదరం గీసి ఉంచుకుంటే షాపు కౌంటరు మీదే బద్ద పెట్టి చూసుకోవచ్చు.

ఎండల్లో చార్టు కాగితం మీద కొలిచి పెట్టిన మీటరు గీత వానలు పడ్డాక 1004 దగ్గర నిలిచింది. సముద్రపు గాలి ఊళ్లో ఇది మామూలే. నార అడ్డం ఉన్న దిశలో ఎక్కువ సాగుతుంది, పొడుగు దిశలో తక్కువ. కొలతలన్నీ ఒక్క వాతావరణంలో ఒక్కసారి తీసి, అంకెలుగా నోటుబుక్కులోకి ఎక్కించాలి. ఇక మీదట షీటు మీద డివైడరు పెట్టకుండా నోటుబుక్కులో అంకెలతోనే పని. గీతే కావాలంటే పాలిస్టర్ ట్రేసింగ్ ఫిల్ము వాడాలి. అది తేమకు దాదాపు కదలదు, కాగితం కన్నా ఖరీదు.

గీత మందం కూడా ఒక కొలతే. 1:400లో 0.3 మి.మీ. పెన్ను గీత, నాలుగు రెట్లు పెంచాక 1.2 మి.మీ. అవుతుంది. ఓడ మీద అది 12 సెంటీమీటర్ల పట్టీ. ఒకరు గీత లోపలి అంచు, మరొకరు బయటి అంచు పట్టుకుంటే వెడల్పులో రెండు వైపులా కలిపి 2.4 మి.మీ. తేలుతుంది. ఎప్పుడూ గీత నడుమనే పట్టుకోవాలి. చిన్న స్కేలు షీటును పెంచి వాడటం మాకు ఇష్టం లేనిది ఇందుకే. పెంచితే తప్పులే పెద్దవవుతాయి, వివరం కొత్తగా పుట్టదు.

ఆషాఢం

ప్లాను తనలో తాను ఒప్పుకుంటుందా అన్నది అసలు పరీక్ష. ఓడ గీతలు మూడు చూపుల్లో ఉంటాయి: పక్క నుంచి ఒకటి, పై నుంచి సగం వెడల్పు ఒకటి, అడ్డుకోతలు ఒకటి. ఓడ మీద ఏ బిందువైనా ఈ మూడింటిలో ఏ రెండిట్లోనైనా కనిపిస్తుంది. పక్క చూపులో నీటిగీతకు 20 మి.మీ. పైన, ఏడో స్టేషను (ఓడ పొడవునా సమాన దూరాల్లో అడ్డుకోత తీసిన చోట్లలో ఒకటి) దగ్గర ఉన్న బిందువుకు, పై చూపులో చెప్పే సగం వెడల్పూ, ఏడో అడ్డుకోతలో అదే ఎత్తున కొలిచే సగం వెడల్పూ ఒకటే కావాలి. పదకొండు స్టేషన్లు, ఐదు నీటిగీతలు (వేర్వేరు ఎత్తుల్లో నీటిమట్టానికి సమాంతరంగా కోసినవి) పెట్టుకుంటే యాభై ఐదు బిందువులు. పట్టిక వేసి తేడాలు రాస్తూ పోవాలి.

నీలంలో చాలా చోట్ల తేడా అర మి.మీ. లోపలే. ముక్కు దగ్గర మొదటి స్టేషనులో మాత్రం 1.3 వచ్చింది, అదీ కింది రెండు నీటిగీతల్లోనే. అణియం (ఓడ ముందు కొస) సన్నగా, నిట్టనిలువుగా దిగే చోట అడ్డుకోత గీత దాదాపు నిలువుగా ఉంటుంది. అక్కడ ఎత్తు కొంచెం తప్పినా వెడల్పు మారదు. అయినా వెడల్పే తప్పిందంటే నకలు తీసిన చెయ్యి ఆ గీతను లాగేసింది. అలాంటి చోట అంకెలతో కొట్టుకోకుండా బద్ద పరీక్ష పెట్టాలి. 2 మి.మీ. మందం టేకు బద్దను చుట్టుపక్కల నాలుగైదు స్టేషన్ల బిందువుల మీదుగా గుండుసూదులతో వంచాలి. ఒత్తిడి లేకుండా బద్ద తనంతట తాను ఏ బిందువును వదిలేస్తుందో అదే తప్పుడు బిందువు. మూలగా కోసిన గీతల మీద కూడా ఇలాగే పెడితే, పై చూపులో కంటికి ఆనని గుంటలూ గడ్డలూ బయటపడతాయి. నీటిగీతలు నునుపుగా ఉండి, మూలగీతలు వంకరగా వచ్చిన షీటు చూశామంటే, ఒక్కో చూపూ విడివిడిగా అందంగా దిద్ది, మూడూ కలిపి చూడలేదని తెలుస్తుంది. మెరుగుపెట్టిన నకళ్లలో ఇదే ఎక్కువ.

ఇప్పుడు బరువు పరీక్ష. షీటు ఒప్పుకోని సంగతి దాని చేతే ఒప్పించే లెక్క ఇదే, అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాం.

ప్రతి స్టేషను అడ్డుకోతలో నీటిగీత కింద భాగం విస్తీర్ణం కావాలి. అడ్డుకోతను మి.మీ. గ్రాఫ్ షీటు మీదికి దింపి, గడులు లెక్కపెట్టి, సగానికి వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యాలి. సగానికి పైన నిండిన గడి ఒకటి, సగం లోపు నిండినది సున్న. స్టేషన్లు 0 నుంచి 10 దాకా, వాటి మధ్య దూరం 11.79 సెం.మీ. విస్తీర్ణాలను వరసగా 1, 4, 2, 4, 2, 4, 2, 4, 2, 4, 1తో గుణించి కూడాలి. ఆ మొత్తాన్ని 11.79లో మూడో వంతు, అంటే 3.93తో గుణిస్తే ఘన సెంటీమీటర్లలో మోడల్ మునిగిన పరిమాణం వస్తుంది. ఇదే సింప్సన్ పద్ధతి.

ఎంత రావాలి? నిండు బరువు 4,268 టన్నులను సముద్రపు నీటి సాంద్రత 1.025తో భాగిస్తే 4,164 ఘన మీటర్లు. 1:100లో 4,164 ఘన సెం.మీ. అంటే గుణించి కూడిన మొత్తం 1059.5 చదరపు సెం.మీ. చేరాలి.

నీలం షీటుకు 1068 వచ్చింది. తేడా ఒక శాతం లోపలే. పత్రిక షీటుకు 1150, అంటే ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. ఆ గీతలతో నిజం ఓడ కడితే 360 టన్నులు ఎక్కువ నీటిని తోసేది. ఎక్కడ ఉబ్బిందో కూడా ఈ పట్టికే చెప్పింది. నడుమ స్టేషన్లలో రెండు షీట్లూ దగ్గరదగ్గరే. 2, 3, 8 స్టేషన్ల దగ్గర పత్రిక నిండుగా ఉంది. 1:400లో అడ్డుకోతల బొమ్మ మొత్తం వెడల్పు 34 మి.మీ. మాత్రమే. అందులో సన్నబడే చోట అర మి.మీ. పెన్ను జారినా నాలుగు రెట్లు పెంచాక రెండు మి.మీ.

ఎంత తేడా ఒప్పుకోవచ్చు అంటే, రెండు శాతం లోపు అయితే గడులు లెక్కపెట్టడంలోనే ఆ మాత్రం పోతుంది. ఐదు దాకా అయితే ఏ స్టేషనో వెతకాలి. దాటితే ఆ షీటు నీటి కింది గీతలు పక్కన పెట్టెయ్యడమే.

ఇక్కడొక మెలిక. లోతు 5.53 అన్నదానికి బరువు ఏదన్నది జతగా చూడాలి. నీటిగీత పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే 8,802 ఘన మీటర్ల పెట్టె వస్తుంది. నిండు బరువుకు ఓడ ఆ పెట్టెలో 47 శాతం నింపుతుంది. డిజైన్ బరువుకైతే 40.6 శాతమే. ఇంత సన్నం క్రూయిజరుకు కుదిరే అంకె కాదు. కాబట్టి 5.53ని 3,664 పక్కన పెట్టి లెక్క కడితే మంచి షీటు కూడా తప్పుదని తేలుతుంది. మేం 5.53ని నిండు బరువుకే కట్టాం. డిజైన్ బరువుకి లోతు ఎంతుండాలన్నది ఉజ్జాయింపుగా ఇలా: నీటిగీత దగ్గర ఓడ ఆక్రమించే వైశాల్యం పెట్టె వైశాల్యంలో 70 శాతం అనుకుంటే సెంటీమీటరు మునగడానికి 11.4 టన్నులు కావాలి. రెండు బరువుల మధ్య తేడా 604 టన్నులు, అంటే 53 సెంటీమీటర్లు. మోడల్ మీద 5.3 మి.మీ. ఈ అంకె ఫోటోలతో పని చేసేటప్పుడు మళ్లీ కావాలి, ఎందుకంటే బొగ్గు నిండిన ఓడ ఫోటోకీ బొగ్గు అయిపోయిన ఓడ ఫోటోకీ నీటిపై కనిపించే ఎత్తు అంత మారుతుంది.

డెక్ ఎత్తు కొలిచేటప్పుడు అంచు దగ్గరా, నడుమనా అన్నది కూడా రాసుకోవాలి. డెక్ నడుమ ఉబ్బి ఉంటుంది. వెడల్పులో యాభైయో వంతు వాడుక లెక్క ప్రకారం 13.5 మీటర్లకు 27 సెం.మీ., మోడల్ మీద 2.7 మి.మీ. పక్క చూపులో గీసింది డెక్ అంచు గీతా, నడుమ గీతా అన్నది నీలం చెప్పలేదు. అడ్డుకోతల్లో డెక్ కొసలు ఏ ఎత్తున ఉన్నాయో చూసి అంచు గీతే అని తేల్చాం.

శ్రావణం

నీటి పైన భాగానికి బరువు లెక్క పనికిరాదు. అక్కడ సాక్షి ఫోటో ఒక్కటే. ఫోటో మీద బద్ద పెట్టి నిష్పత్తులు తీస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే దగ్గరి కొస పెద్దగా, దూరం కొస చిన్నగా పడుతుంది. పక్క నుంచి తిన్నగా తీసిన ఫోటో దొరకడం అరుదు.

దీనికి నాలుగు బిందువుల లెక్క ఉంది. ఒకే సరళరేఖ మీద ఉన్న ఎ, బి, సి, డి అనే నాలుగు బిందువులకు, ఎసి ని బిడి తో గుణించి, బిసి ఎడి ల లబ్ధంతో భాగిస్తే వచ్చే అంకె ఏ కోణం నుంచి ఫోటో తీసినా మారదు. ఓడలో ముందు స్తంభం (మాస్టు), మొదటి పొగగొట్టం నడిగీత, మూడో పొగగొట్టం నడిగీత, వెనక స్తంభం, ఈ నాలుగూ నడుమ తలంలో ఉంటాయి కాబట్టి సరిపోతాయి. ఫోటో మీద డెక్‌కు దగ్గరగా ఒక్క గీత లాగి, అది నాలుగింటినీ కోసే చోట్లు కొలవాలి. స్తంభాల వాలూ పొగగొట్టాల వాలూ కొంచెం వేరైనా డెక్ దగ్గర ఆ తేడా తక్కువ.

లెక్క ఎలా పడుతుందో చూపడానికి ఊహా అంకెలు. ప్లాను మీద 0, 60, 260, 420 అనుకోండి. 260ని 360తో గుణించి, 200ని 420తో గుణించినదానితో భాగిస్తే 1.114. ఫోటో మీద 0, 22, 85, 126 అనుకోండి. 85ని 104తో గుణించి, 63ని 126తో గుణించినదానితో భాగిస్తే అదీ 1.114. రెండూ ఒకటే. మామూలు నిష్పత్తి చూస్తే ప్లానులో 0.619, ఫోటోలో 0.675, పొగగొట్టం తప్పు చోట గీశారని షీటును తిట్టుకునేవాళ్లం.

ఈ పద్ధతి చేతికి రావాలంటే ఇచ్ఛాపురం స్టేషనులో ఆగిన గూడ్సు బండి చాలు. ఒకే రకం వ్యాగన్లు వరసగా ఉన్న చోట, కప్లింగుల నడుమ దూరాలు సమానం. ఏటవాలుగా ఫోటో తీసి వరస నాలుగు కప్లింగులకు లెక్క కడితే 1.333 రావాలి. రాకపోతే కొలవడంలోనో ఫోన్ లెన్సులోనో తేడా ఉంది. వెడల్పు లెన్సు అంచుల్లో గీతను వంచుతుంది. రెండు రెట్లు జూము పెట్టి బండిని ఫ్రేము నడుమ ఉంచితే చాలా మటుకు పోతుంది.

పొగగొట్టాల వరసకు ఫైలు బాగా నిలబడింది, నీలం కూడా పరవాలేదు. వెనక స్తంభం దగ్గర నీలం తేడా చూపింది, అక్కడ ఫైలు చోటే తీసుకున్నాం. 1:96 అంకెలను 0.96తో గుణించి నోటుబుక్కులోకి ఎక్కించాలి, కాగితాన్ని తగ్గించి మళ్లీ అచ్చు వెయ్యకూడదు.

ఫోటో ఎప్పటిది అన్నది చూడకుండా వాడకూడదు. చైనా తీరంలో శాంతికాలంలో ఓడ తెల్లరంగులో ఉండేది, తూర్పు హంస అన్న పేరు దానివల్లే. బొగ్గు ఎంత ఉందో నీటిగీత చూసి అంచనా కట్టాలి. పాత పోస్టుకార్డుల్లో పొగ, జెండాలు, తాళ్లు చేత్తో దిద్దినవి ఉంటాయి, వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు. బొమ్మ కుడి ఎడమ తిరగబడి అచ్చయిందేమో కూడా చూడాలి. 1914 నవంబరు 9న ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ కొట్టిన దెబ్బలకు ఓడ హిందూ మహాసముద్రంలోని నార్త్ కీలింగ్ దిబ్బ మీదికి ఎక్కాక తీసిన ఫోటోలు మరో రకం. వాటిలో పొగగొట్టాలు, ముందు స్తంభం కూలిపోయి ఉన్నాయి, ఎత్తులకు పనికిరావు. పొట్టు మీద పోర్ట్‌హోళ్ల వరసకు పనికొస్తాయి. పోర్ట్‌హోలు ఎప్పుడూ లోపలి ఫ్రేముకు (పొట్టును మోసే అడ్డు పక్కటెముకకు) ఫ్రేముకు నడుమ పడుతుంది, ఫ్రేమును కోసుకుంటూ పడదు. షీటులో వాటి మధ్య దూరాలు ఏ లయా లేకుండా ఉంటే అలంకారానికి చల్లినవే. పత్రికలో అలాగే ఉన్నాయి.

ఫిరంగుల పరీక్ష అన్నిటికన్నా తేలిక. 10.5 సెం.మీ., జర్మన్ లెక్కలో ఎల్/40. జర్మన్లు వెనక తాళంతో (గుండు పెట్టి మూసే భాగంతో) సహా మొత్తం పొడవును కొలుస్తారు కాబట్టి 40 రెట్లు 105 మి.మీ., అంటే 4.2 మీటర్లు. మోడల్ మీద కొసనుంచి కొసకి 42 మి.మీ. ఇందులో కవచం లోపల ఉండిపోయేది కొంత, బయటికి కనిపించేది అంతకన్నా తక్కువే. బ్రిటిష్ లెక్కలో గొట్టం రంధ్రం పొడవే చెబుతారు, రెండూ కలిపితే పొరపాటు. పత్రికలో కవచం బయటే 45 మి.మీ. గీశారు. ఈ ఓడ ఫిరంగి ఒకటి సిడ్నీ హైడ్ పార్కులో ఉంది, ఒకటి కాన్‌బెరా యుద్ధ స్మారకంలో ఉంది. కవచం ఆకారానికి వాటి ఫోటోలే ఆధారం. గొట్టం కొసకు 1 మి.మీ. డ్రిల్లు సరిపోతుంది. అమరిక: ముందు డెక్ మీద పక్కపక్కనే రెండు, పక్కలకు మూడేసి చొప్పున ఆరు, వెనక పక్కపక్కనే రెండు.

చివరికి తేలినది: నీటి కింది గీతలు నీలం నుంచి, మొదటి స్టేషను కింది రెండు బిందువులు బద్దతో దిద్ది. పై కట్టడాల చోట్లు ఫైలు నుంచి. ఫిరంగులు అంకెల నుంచి. పత్రిక నుంచి తీసుకున్నది ఏమీ లేదు, అచ్చు మాత్రం మూడింటిలో అదే అందంగా ఉంది.

నడుమ ఫ్రేములు 4, 5, 6 ముందు కోస్తున్నాం, 3 మి.మీ. ప్లైలో. పైన వేసే పలక 1.5 మి.మీ. కాబట్టి అడ్డుకోత గీతకు అంత లోపలికి కొయ్యాలి, లేకపోతే వెడల్పు 138 అవుతుంది. ముక్కు దగ్గర ఏటవాలుగా పడే ఫ్రేముల్లో ఈ తగ్గింపు 1.5 కన్నా ఎక్కువ ఉండాలి. పలక ఫ్రేమును ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది కనుక, ఆ తగ్గింపును పై చూపులో నీటిగీతకు సమాంతరంగా గీసి తీసుకోవాలి. 8వ ఫ్రేము పడవ డేవిట్ల (పడవలను నీళ్లలోకి దించే వంపు కమ్మీల) చోటు తేలేదాకా ఆగింది. అక్కడ నీలానికీ ఫైలుకీ 4 మి.మీ. తేడా ఉంది, ఆ వైపు నుంచి తీసిన స్పష్టమైన ఫోటో ఇంకా కావాలి.